కళ్లు తిరుగుతూ ఒకటి రెండుగా కనిపిస్తే

‘కళ్లు తిరుగుతున్నాయి’ అన్న ఒక్క మాట చాటున తెలుగులో నాలుగు వేర్వేరు బాధలు ఉంటాయి. గది మొత్తం గిర్రున తిరుగుతున్నట్టు అనిపించడం ఒకటి. మంచం మీంచి లేవగానే కళ్లు బైర్లు కమ్మి పడిపోబోవడం ఇంకొకటి. తల బాగానే ఉన్నా అడుగు నిలవక ఓ పక్కకు తూలిపోవడం మూడోది. ఏదీ తేల్చి చెప్పలేని దిమ్ము నాలుగోది. ‘చూపు ఆనడం లేదు’ అన్న మాటా అలాంటిదే. మసక కావచ్చు, ఎదుట ఉన్నవి ఎగురుతున్నట్టు ఉండొచ్చు, ఉన్న ఒకటీ రెండుగా కనిపిస్తుండొచ్చు. ఈ రెండు ఫిర్యాదులూ ఒకే మనిషి నోట వచ్చినప్పుడు వాటిని విడదీసి అడగకపోతే ఆ తర్వాత చేసే పరీక్షలన్నీ దారి తప్పుతాయి.

తల తిరగడం ఒక్కటే ఉంటే కారణం చాలాసార్లు లోపలి చెవిలో దొరుకుతుంది. ఒకటి రెండుగా కనిపించడం ఒక్కటే ఉంటే కంటిలోనో, కంటి కండరాన్ని నడిపే నరంలోనో దొరుకుతుంది. రెండూ కలిసి హఠాత్తుగా మొదలైతే లెక్క మారిపోతుంది. అప్పుడు మెదడు కాండంలో (మెదడును వెన్నుపాముతో కలిపే భాగంలో) ఏమీ లేదని తేలేదాకా పైత్యం, గ్యాస్, మెడ నరం, నీరసం అన్న పేర్లేవీ పెట్టకూడదు. లోపలి చెవి జబ్బు ఎంత తీవ్రంగా ఉన్నా వస్తువులు తిరుగుతాయి, ఊగుతాయి, ఎగురుతాయి. స్పష్టంగా రెండుగా విడిపోవడం మాత్రం చెవి జబ్బు లక్షణం కాదనే అనుకోవాలి.

ముందు ఒక కన్ను మూయించాలి

దీనికి పరికరం అక్కర్లేదు. రోగిని కూర్చోబెట్టి పది అడుగుల దూరంలో ఉన్న గోడ గడియారాన్నో ట్యూబ్‌లైటునో చూడమనాలి. కుడి కన్నును అరచేత్తో పూర్తిగా కప్పించి ఎన్ని కనిపిస్తున్నాయో అడగాలి. తర్వాత ఎడమ కన్ను. రెప్పను వేలితో నొక్కకూడదు, నొక్కితే మంచి కన్నుకైనా బొమ్మ చెదురుతుంది.

ఒక కన్ను మూసినా తెరిచి ఉన్న కన్నుకు ఇంకా రెండే కనిపిస్తున్నాయంటే లోపం ఆ కన్నులోనే ఉంది. శుక్లం, నల్లగుడ్డు ఉపరితలం వంకర, కంటి పొడిబారుడు వంటివి కారణాలు. రెండో బొమ్మ కొంచెం పలచగా, నీడలా ఉంటుంది. అట్టముక్కకు గుండుసూదితో చిన్న చిల్లు పెట్టి అందులోంచి చూడమంటే ఆ నీడ మాయమవుతుంది. ఇది కంటి డాక్టరు పని, పరుగెత్తాల్సింది కాదు. తల తిరుగుడు వేరే కారణంతో వచ్చి ఉంటుంది, దాన్ని విడిగా చూడాలి.

ఏ కన్ను మూసినా ఒకటే కనిపించి, రెండూ తెరిస్తేనే రెండుగా అవుతుంటే రెండు కళ్లూ ఒకే చోటికి గురిపెట్టడం లేదని అర్థం. అసలు వెతుకులాట ఇక్కడి నుంచి మొదలవుతుంది.

ఇంకో ప్రశ్న ఉంది. ఒక కన్ను మూసినప్పుడు తల తిరుగుడు కూడా తగ్గిందా? తగ్గితే ఆ తిరుగుడు రెండు బొమ్మల మధ్య మెదడు పడుతున్న అవస్థ వల్ల వచ్చింది. కన్ను మూసినా గది తిరుగుతూనే ఉంటే చూపు, తూకం (ఒంటి నిలకడ) రెండూ విడివిడిగా దెబ్బతిన్నాయి. ఈ రెండో రకమే ఎక్కువ భయపడాల్సింది. మొదటి రకమూ నిశ్చింతగా వదిలేసేది కాదు, ఎందుకో కింద వస్తుంది.

బొమ్మలు పక్కపక్కన ఉన్నాయా, ఒకదానిపై ఒకటి ఉన్నాయా అనీ అడగాలి. పక్కపక్కన ఉండి, దూరం చూసేటప్పుడు ఎక్కువైతే మెదడు నుంచి నేరుగా వచ్చే కపాల నరాల్లో ఆరోదాని మీద అనుమానం. పైనా కిందా ఉండి, మెట్లు దిగేటప్పుడు, పళ్లెంలోకి చూసేటప్పుడు ఇబ్బంది పెడితే నాలుగో నరం. రెప్ప వాలిపోయి, ఆ రెప్ప ఎత్తి చూస్తే గుడ్డు కిందికీ బయటికీ తిరిగి ఉంటే మూడో నరం. రెప్ప పూర్తిగా మూసుకుపోయిన మనిషికి రెండుగా కనిపించదు కాబట్టి తనంత తాను చెప్పడు. ఎత్తి చూపించి అడగాలి.

బొటనవేలంత చోట

మెదడు కాండం మందం దాదాపు బొటనవేలంత. కంటి గుడ్లను తిప్పే మూడు, నాలుగు, ఆరో నరాల కేంద్రాలు అందులోనే ఉన్నాయి. చెవి నుంచి తూకం కబుర్లు అందుకునే కేంద్రం వాటికి కాస్త దిగువన ఉంది. తల కుడికి తిరిగితే కళ్లు అంతే వేగంతో ఎడమకు తిరగాలి, లేకపోతే నడుస్తుంటే దుకాణం బోర్డు కూడా చదవలేం. ఆ పని కోసం ఈ కేంద్రాలన్నిటినీ కలుపుతూ ఒక తీగల కట్ట పైకీ కిందికీ సాగుతుంది. మాట, మింగుడు, ముఖం, ఒంటి స్పర్శ, కాళ్లూ చేతుల కదలిక, అన్నిటి తీగలూ అదే ఇరుకు దారిలో వెళ్తాయి. అందుకే అక్కడ కందిగింజంత చోట రక్తం ఆగినా రెండు మూడు లక్షణాలు ఒకేసారి బయటపడతాయి.

ఈ ప్రాంతానికి, వెనకున్న చిన్నమెదడుకు రక్తం తెచ్చేవి మెడ ఎముకల చిల్లుల గుండా పైకి వెళ్లే రెండు వెర్టిబ్రల్ ధమనులు. అవి పైన కలిసి బేసిలర్ ధమని అవుతుంది. రక్తనాళం మూసుకుపోయి వచ్చే స్ట్రోకుల్లో సుమారు ఐదో వంతు ఈ వెనక వైపు నాళాలవే. ఆలస్యంగా గుర్తించేదీ వీటినే. స్ట్రోక్ అనగానే మూతి వంకర, చేయి పడిపోవడం, మాట తడబాటు గురించే ప్రచారం జరిగింది. వెనక నాళం మూసుకుంటే ఆ మూడూ లేకుండానే మనిషి వాంతులు చేసుకుంటూ, గోడ పట్టుకుంటూ ఆసుపత్రికి రావచ్చు. అందుకే ఇప్పుడు ఆ మూడింటికి ముందు తూకం, చూపు అన్న రెండూ చేర్చి చెబుతున్నారు. ఆ రెండింటినే ముందు గుర్తుంచుకోవాలి.

చెవిదా, స్ట్రోకా అన్నది తేల్చడంలో మూడు గుర్తులు బాగా పనికొస్తాయి. మొదటిది నిలకడ. చెవి జబ్బు రోగి తల ఎంత తిరిగినా పట్టుకుంటే నిలబడగలడు, కూర్చోగలడు. చిన్నమెదడు దెబ్బతిన్న మనిషి మంచం అంచున చేతులు కట్టుకుని కూర్చోవడానికి కూడా ఒరిగిపోతాడు. రెండోది తోడు లక్షణాలు. మాట ముద్దగా రావడం, నీళ్లు మింగితే పొలమారడం, ముఖం ఒకవైపు తిమ్మిరి, గొంతు బొంగురు. హఠాత్తుగా ఒక చెవి వినపడకపోయినా ‘అయితే చెవిదే’ అని తేల్చకూడదు. లోపలి చెవికి రక్తం ఇచ్చే చిన్న నాళం కూడా ఈ బేసిలర్ నుంచే వస్తుంది.

మూడోది కంటి పరీక్ష. 2009లో వెలువడిన ఒక పరిశోధనతో ఇది అత్యవసర విభాగాల్లోకి వచ్చింది. ఎడతెరిపి లేకుండా తల తిరుగుతూ కళ్లు అదురుతున్న (గుడ్లు వాటంతటవే ఊగిసలాడుతున్న) రోగికే దీన్ని చేయాలి. రోగిని డాక్టరు ముక్కు వైపు చూడమని, తలను చటుక్కున ఓ పక్కకు కొద్దిగా తిప్పుతారు. చెవి నరం దెబ్బతింటే చూపు జారి, మళ్లీ వెనక్కి ఎగిరి ముక్కును అందుకుంటుంది. చూపు జారకుండా నిలిచిందంటే చెవి బాగుందని, అంటే తిరుగుడు మెదడుదని అర్థం. ఈ ఒక్క పరీక్షలో ‘నార్మల్’ రావడమే చెడ్డ వార్త. కుడికి చూస్తే కుడికి, ఎడమకు చూస్తే ఎడమకు కళ్లు అదరడం, లేదా పైకీ కిందికీ అదరడం మెదడు గుర్తే. చివరగా ఒక్కో కన్నును మార్చి మార్చి కప్పుతారు. తీసినప్పుడల్లా గుడ్డు పైకో కిందికో సర్దుకుంటే రెండు కళ్ల ఎత్తు తప్పిందన్నమాట. బొమ్మ ఒకదానిపై ఒకటి కనిపించడానికి అదే కారణం. చేయి తిరిగినవాళ్లు చేస్తే తొలి రోజు ఎంఆర్‌ఐ కంటే ఇది ఎక్కువ పట్టిస్తుంది. సాధన లేకుండా చేస్తే తప్పుడు ధైర్యం ఇస్తుంది.

స్కానింగ్ మీద ఉన్న నమ్మకం కూడా కొంత సడలాలి. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని వెంటనే చూపిస్తుంది. చిన్నమెదడు, మెదడు కాండం ఉన్న చోట మందపాటి ఎముక నీడ పడటం వల్ల గడ్డకట్టిన స్ట్రోక్‌ను మొదటి గంటల్లో చాలాసార్లు చూపించదు. ‘సీటీ బాగుంది, ఇంటికి వెళ్లండి’ అన్న మాట ఈ లక్షణాలున్న మనిషికి చెప్పదగింది కాదు. ఎంఆర్‌ఐ కూడా తొలి 48 గంటల్లో చిన్న మచ్చల్ని కొన్నిసార్లు వదిలేస్తుంది. రక్తనాళాల బొమ్మ తీయడం, లక్షణాలు నిలిచి ఉంటే స్కాన్ మళ్లీ తీయడం అవసరం.

గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు గడువు లక్షణాలు మొదలైన దగ్గర్నుంచి నాలుగున్నర గంటలు. నిద్రలేచేసరికే ఉంటే చివరిసారి బాగున్న సమయం నుంచి లెక్క. బేసిలర్ ధమనే మూసుకుపోతే తొడ దగ్గర నుంచి గొట్టం పంపి గడ్డను లాగేసే చికిత్సను ఎంపిక చేసిన రోగులకు 24 గంటల వరకూ చేస్తున్నారు. 2022లో ప్రచురితమైన రెండు చైనా పరిశోధనలు దీనికి గట్టి ఆధారం ఇచ్చాయి. చాలామందిలో బేసిలర్ మూసుకుపోయే ముందు కొన్ని గంటల నుంచి కొన్ని రోజుల పాటు హెచ్చరికలు వస్తాయి. పది నిమిషాలు తల తిరిగి, రెండుగా కనిపించి, తనంతట తగ్గిపోతుంది. తగ్గిందని పనికి వెళ్లిపోవడమే ఇందులో అన్నిటికన్నా పెద్ద నష్టం.

నలభై ఐదేళ్లలోపు వారిలో ఇలా జరిగితే మెడ గురించి అడగాలి. వెర్టిబ్రల్ ధమని గోడ లోపలి పొర చీలితే ముందు మెడ వెనక, తల వెనక ఒకవైపు కొత్త రకం నొప్పి వస్తుంది. గంటల్లోనో రోజుల్లోనో తిరుగుడు మొదలవుతుంది. బండి ప్రమాదం, బరువులెత్తడం, సెలూన్‌లో క్షవరం తర్వాత మెడను ఠక్కున విరిపించుకోవడం వంటివి దీనికి దారితీసినట్టు వైద్య సాహిత్యంలో ఉంది. మెడ ఎక్స్‌రేలో ఎముక అరుగుదల కనిపించిందని ‘స్పాండిలోసిస్ వల్ల కళ్లు తిరుగుతున్నాయి’ అనడం మన దగ్గర మామూలైపోయింది. యాభై దాటిన చాలామంది ఎక్స్‌రేల్లో ఆ అరుగుదల ఉంటుంది. అది రెండుగా కనిపించడానికి కారణం కాదు.

వేసుకుంటున్న మాత్రల్లో

స్ట్రోక్ కాకుండా ఈ జంట లక్షణాలకు తరచుగా కనిపించే మరో కారణం మందులు. ముఖ్యంగా మూర్ఛ మాత్రలు. ఇందులో దాదాపు పూర్తిగా కోలుకునే అవకాశం ఉంది, కానీ ఎవరూ అడగరు.

కార్బమజెపైన్‌ను మూర్ఛకే కాదు, ముఖంలో కరెంటు కొట్టినట్టు వచ్చే నరం నొప్పికీ ఇస్తారు. మోతాదు ఎక్కువైతే మాత్ర వేసుకున్న రెండు మూడు గంటల్లో తూలుడు, జంట బొమ్మలు వచ్చి సాయంత్రానికి తగ్గుతాయి. రోజూ అదే వేళకు వస్తుండటమే ఆధారం. మెల్లగా కరిగే రకానికి మారిస్తే, మోతాదును మూడు పూటలకు విడగొడితే చాలామందికి సర్దుకుంటుంది. మోతాదు మార్చకుండానే ఇలా జరిగితే కొత్తగా చేరిన మందేమిటో చూడాలి. గొంతు నొప్పికి ఇచ్చిన ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్, టీబీకి ఇచ్చే ఐసోనియాజిడ్ ఈ మందును శరీరంలో పోగుపడేలా చేస్తాయి.

ఫెనిటాయిన్ తీరు ఇంకా మోసకారి. దాన్ని విరగ్గొట్టే కాలేయపు ఎంజైములు ఒక స్థాయి దగ్గర నిండిపోతాయి. రోజుకు 300 మిల్లీగ్రాములు వేసుకునే మనిషికి ఇంకో 100 కలిపితే రక్తంలో మందు మూడో వంతు పెరుగుతుందనుకుంటాం. రెండింతలు దాటిపోవచ్చు. మంచి స్థాయి మిల్లీలీటరుకు 10 నుంచి 20 మైక్రోగ్రాములు. 20 దాటితే కళ్లు అదురుతాయి, 30 దాటితే నడక తూలుతుంది, 40 దాటితే మనిషి మగతగా మారతాడు. అందుకే పెంచాల్సి వచ్చినప్పుడు 25, 50 మిల్లీగ్రాముల చొప్పునే పెంచుతారు. ఐసోనియాజిడ్, ఫ్లూకొనజోల్ దీన్నీ పెంచుతాయి. ఏమైనా మాత్రను ఒక్కసారిగా మానేయకూడదు, ఆగకుండా ఫిట్స్ రావచ్చు. రక్త పరీక్షకు మాత్ర వేసుకోబోయే ముందు రక్తం ఇవ్వాలి.

తెలంగాణలో మరో సంగతి అడగక తప్పదు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం చాలాకాలంగా నమోదవుతున్నదే. మోతాదు ఎక్కువైన రోజు తూలుడు, జంట బొమ్మలు, మగత వస్తాయి. తాగేవారికి ఒక్కసారిగా అందకపోతే వణుకు, పిచ్చి మాటలు, ఫిట్స్. రెండూ ఆసుపత్రి పనులే.

స్ట్రెప్టోమైసిన్, జెంటామైసిన్ ఇంజెక్షన్ల కోర్సు తర్వాత వచ్చే బాధ వేరు. రెండు చెవుల తూకం పోయి, నడుస్తుంటే లోకమంతా ఎగురుతుంది, కదలకుండా కూర్చుంటే కుదుటపడుతుంది. దాన్ని ‘రెండుగా కనిపించడం’ అని చెప్పేవాళ్లున్నారు. కూర్చున్నప్పుడు ఎలా ఉందని అడిగితే తేలిపోతుంది.

సెలైన్‌కు ముందు బి1

విటమిన్ బి1, అంటే థయామిన్, అడుగంటితే మెదడు కాండంలో కళ్లకు, తూకానికి సంబంధించిన కేంద్రాలే ముందు దెబ్బతింటాయి. కంటి గుడ్లు అదరడం లేదా కదలకపోవడం, తూలుడు, తికమక, ఈ మూడూ కలిస్తే వెర్నికె జబ్బు. మూడూ ఒకేసారి కనిపించేది కొద్దిమందిలోనే. మద్యం అలవాటున్నవారే కాదు, వారాల తరబడి వాంతులయ్యే గర్భిణులు, బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారు, చాలాకాలం అన్నం ముట్టనివారు కూడా దీని బారిన పడతారు. మరలో బాగా తెల్లగా పట్టిన పచ్చి బియ్యం తినే ఉత్తర సర్కారు జిల్లాల్లో ఒకప్పుడు బెరిబెరి ఉండేది. మూలం ఈ విటమిన్ లోపమే.

తప్పు ఎక్కడ జరుగుతుందంటే, నీరసంగా ఉందని ముందు గ్లూకోజ్ సీసా ఎక్కిస్తారు. గ్లూకోజ్‌ను మండించడానికి ఒంట్లో మిగిలిన కాస్త బి1 ఖర్చయిపోయి జబ్బు ముదురుతుంది. బి1 ఇంజెక్షన్ ముందు, లేదంటే గ్లూకోజ్‌తో పాటే పడాలి. అనుమానం గట్టిగా ఉంటే నరం ద్వారా రోజుకు మూడుసార్లు, ఒక్కోసారి 200 నుంచి 500 మిల్లీగ్రాములు ఇస్తారు. కళ్లు గంటల్లో, రోజుల్లో కుదురుకుంటాయి. జ్ఞాపకశక్తి పోయాక తిరిగి రావడం కష్టం.

తెల్లవారుజామున వాలిన రెప్ప

వానాకాలం రాత్రి నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, తల తిరుగుతోందని, రెండుగా కనిపిస్తోందని చెప్పి, రెప్పలు ఎత్తలేకపోతుంటే కట్లపాము కాటు అనుకోవాలి. కరిచిన చోట నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు దొరక్కపోవచ్చు. విషం నరం చివర్లను పట్టేస్తుంది. ముందు రెప్పలు, తర్వాత కంటి కండరాలు, మింగుడు, చివరకు ఊపిరి. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర నాలుగింటికీ పనిచేస్తుంది, సాధారణంగా పది వయల్స్‌తో మొదలుపెడతారు. నాగుపాము కాటులో నియోస్టిగ్మిన్ ఇంజెక్షన్ రెప్పల్ని లేపుతుంది, కట్లపాము కాటులో అంతగా పనిచేయదు. వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికి వెళ్లడమే ప్రాణం నిలబెట్టేది.

నరాలు, ఒత్తిడి, కండరాలు

షుగర్, బీపీ ఉన్నవారిలో ఆరో నరానికి లేదా మూడో నరానికి రక్తం అందించే సన్న నాళం మూసుకుపోయి హఠాత్తుగా జంట చూపు వస్తుంది. కన్ను మూస్తే తిరుగుడు తగ్గేది ఎక్కువగా వీరికే. చాలామందికి మూడు నెలల్లో తనంతట సర్దుకుంటుంది. అయితే మూడో నరం పడిపోయినప్పుడు కంటిపాప ఎంతుందో చూడాలి. రెండో కంటి కంటే పెద్దదై, వెలుతురుకు ముడుచుకోకపోతే మెదడు రక్తనాళపు బుడగ నరాన్ని నొక్కుతోందన్న అనుమానంతో అదే రోజు నాళాల బొమ్మ తీయాలి. తలనొప్పి కూడా ఉంటే గంటలు లెక్క. కన్ను మూస్తే తిరుగుడు తగ్గే మొదటి రకాన్నీ తేలిగ్గా వదలొద్దన్నది ఇందుకే.

తలలో ఒత్తిడి పెరిగినా ఆరో నరమే ముందు లొంగుతుంది. పొద్దున్నే ఎక్కువగా ఉండే తలనొప్పి, వంగితే చూపు క్షణం పాటు నల్లబడటం దీని గుర్తులు. కాన్పయిన ఆరు వారాల్లో ఇలా ఉంటే మెదడు సిరలో గడ్డ కట్టిందేమో చూడాలి. బాలింతకు నీళ్లు తక్కువ ఇచ్చే పథ్యం కొన్ని ఇళ్లలో ఇంకా ఉంది. కాన్పు తర్వాత రక్తం అసలే గడ్డకట్టే తీరులో ఉంటుంది, దానికి నీటి కొరత తోడవుతుంది. వారాల తరబడి జ్వరం, తలనొప్పి తర్వాత జంట చూపు వస్తే టీబీ వల్ల వచ్చే మెదడు పొరల వాపు గుర్తుకు రావాలి.

పొద్దున బాగుండి, సాయంత్రానికి రెప్పలు వాలి రెండుగా కనిపిస్తే మయస్థీనియా, అంటే నరం కబురు కండరానికి సరిగా అందని జబ్బు. మూసిన రెప్ప మీద గుడ్డలో చుట్టిన ఐసు రెండు నిమిషాలు ఉంచితే రెప్ప కాసేపు లేస్తుంది. విరేచనాలో జలుబో తగ్గిన వారం, రెండు వారాలకు కంటి గుడ్లు కదలక, నడక తూలుతుంటే మిల్లర్ ఫిషర్ రకం నరాల జబ్బు. పార్శ్వనొప్పిలోనూ ఐదు నిమిషాల నుంచి గంట దాకా తిరుగుడు, జంట చూపు రావచ్చు. మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం ఆ పేరు పెట్టకూడదు. దూరానికీ దగ్గరకీ ఒకే అద్దం ఉండే కొత్త ప్రోగ్రెసివ్ కళ్లజోడు పెట్టుకున్న వారంలో మెట్ల దగ్గర తూలితే అద్దం అమరిక సరిచూపించుకుంటే చాలు.

దారిలోనూ, తర్వాతా

108కు ఫోన్ చేసేటప్పుడు ‘కళ్లు తిరుగుతున్నాయి’ అని ఆపకుండా ‘హఠాత్తుగా ఒకటి రెండుగా కనిపిస్తోంది, నిలబడలేకపోతున్నారు, ఇన్ని గంటలకు మొదలైంది’ అని చెప్పాలి. గ్లూకోమీటర్ ఉంటే షుగర్ చూడాలి. 70 కంటే తక్కువగా ఉండి మెలకువగా, పొలమారకుండా మింగగలిగితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి పావుగంట తర్వాత మళ్లీ చూడాలి. అంతకు మించి నిమ్మరసం, మజ్జిగ, కాఫీ ఏవీ తాగించొద్దు, మింగుడు దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్కాన్ కాకముందు ఆస్పిరిన్ వేయొద్దు, లోపల రక్తస్రావమై ఉండొచ్చు. బీపీ ఎక్కువుందని నాలుక కింద మాత్ర పెట్టొద్దు. వాంతులవుతుంటే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. వేసుకుంటున్న మాత్రల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లాలి.

చిన్నమెదడు స్ట్రోక్ అని తేలితే మొదటి రోజు మాట్లాడుతూ బాగానే ఉన్న మనిషికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య వాపు పెరిగి స్పృహ తప్పొచ్చు. తలకు ఆపరేషన్ చేయగల చోటే ఆ రోజులు గడపాలి.

ప్రమాదం దాటాక మిగిలిన జంట చూపుకు పెద్దవాళ్లలో ఒక కంటికి గుడ్డ కట్టొచ్చు, ఏ కన్నైనా ఫరవాలేదు, పూటకొకటి మార్చుకోవచ్చు. ఒంటి కన్నుతో లోతు తెలియదు కాబట్టి మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోవాలి, మరిగే నూనె, రంపం, కొడవలి దగ్గర జాగ్రత్త పడాలి. చూపు కుదిరేదాకా బండి నడపకూడదు. బొమ్మల ఎడం కొద్దిగానే ఉంటే కళ్లద్దానికి అంటించే పలుచని ప్రిజం రేకు పనిచేస్తుంది, ఎడం తగ్గేకొద్దీ దాన్ని మారుస్తారు. ఆరు నెలల పాటు కొలత మారకుండా నిలిచిపోయాకే కంటి కండరం ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు.